కిటికీ బల్ల దాకా

బడి, ఆటవస్తువుల గది

మరదలా,

ఫోను చేయకుండా వదిన ఉత్తరం రాస్తోందేమిటని ఆశ్చర్యపోకు. ఫోనులో నువ్వు నన్ను మాట్లాడనివ్వవు. నువ్వు ఊపిరి పీల్చుకునే సందు చూసుకుని నేను నోరు తెరిచేసరికి మా తమ్ముడు ఫోను లాక్కుని, భోంచేశావా అక్కా అంటాడు. అక్కడితో సరి. ఈసారి చెప్పాల్సింది చాలా ఉంది, పైగా నీతో పని పడింది.

ఈ ఏడాది మా బడిలో నాలుగో తరగతిలో ఒక పిల్ల చేరింది. ఇంట్లో ముద్దుగా పిడుగు అంటారట, బడిలోనూ అదే పేరు స్థిరపడింది. ఆ పిల్ల ఎక్కడ అడుగు పెడితే అక్కడ ఒక చప్పుడు వస్తుంది. నీళ్ళ సీసా పడుతుంది, రంగు పెన్సిళ్ళ డబ్బా పడుతుంది, చివరికి తనే పడుతుంది. కళ్ళూ చెవులూ బాగున్నాయి, చదువు చక్కగా సాగుతోంది, మాటల్లో అయితే నీకు పోటీ. కానీ బూటు లేసు కట్టుకోలేదు. బంతి విసిరితే అది ఒళ్ళో పడ్డాక చేతులు చాపుతుంది. మెట్లు దిగేటప్పుడు గోడని వదలదు. క్లాసు టీచరు నిర్లక్ష్యం అంటుంది, వాళ్ళమ్మ తొందర అంటుంది. నాకు రెండూ కాదనిపించింది. వెతికితే అలాంటివాళ్ళు తరగతికి ఒకరిద్దరు తేలారు. అందర్నీ కలిపి ఒక చిన్న జట్టు కట్టాను.

పొద్దున్న మా హెడ్మాస్టరుగారు బడినంతా మైదానంలో నిలబెట్టి ప్రసంగం చేస్తారు. ఆ వేళ హాలు ఖాళీగా ఉంటుంది. అది నాకిమ్మని అడిగాను, ఇచ్చారు. ఎలా ఇప్పించుకున్నానో అది నా నేర్పు.

నువ్వు పిల్లల క్లినిక్‌లో రోజూ చేయించే పని ఇదే కదా. ఆటల టీచర్ని నాకేం తెలుసు, గట్టివాళ్ళని ఇంకా గట్టిగా పరిగెత్తించడం తప్ప. తాడాటతో మొదలుపెట్టాను. నిన్న ఆ తాడు ముందు ఒకడి మెడకి, తర్వాత ఇంకొకరి కాలికి, చివరికి నాకు చుట్టుకుంది. ఏం చేయించాలో వెంటనే రాయి.

నీ వదిన

* * *

క్లినిక్, వెనక గది

వదినకి నమస్కారాలు.

పెళ్ళయిన కొత్తలో నా నడక సరిగా లేదని పదిమందిలో అన్న మనిషి ఇవాళ నన్ను సలహా అడుగుతోంది. ఈ ఉత్తరాన్ని పటం కట్టించుకుంటాను.

ఇక అసలు మాట. అది నిర్లక్ష్యం కాదు, తొందర కాదు, బద్ధకం అంతకన్నా కాదు. కొంతమంది పిల్లలకి ఒళ్ళు చెప్పిన మాట వినదు. బలం ఉంటుంది, తెలివి ఉంటుంది. ఏ చేయి ఎప్పుడు కదలాలి, ఎంత కదలాలి అన్నది మనకి ఆలోచించకుండానే జరిగిపోతుంది. వాళ్ళు ప్రతిసారీ ఆలోచించుకుని చేయాలి. బడి నుంచి ఇంటికి వెళ్ళేసరికి వాళ్ళు ఎంత అలిసిపోతారో మీకూ నాకూ తెలియదు. దీనికి మందు లేదు. సాధన ఉంది, అది పనిచేస్తుంది. ఈ చేతులతో చూశాను కాబట్టి చెబుతున్నాను.

తాడాట ఆపేయండి. కన్ను, చేయి, కాలు, పైగా తిరిగే తాడు. ఇవన్నీ ఒకేసారి కలవాలంటే ఎలా కలుస్తాయి? ముందు ఒక్కొక్కరినీ పక్కన కూర్చోబెట్టుకుని, నీకేం చేయాలనుంది అని అడగండి. మీకేం చేయించాలనుందో అది కాదు. వాళ్ళు ఏది చెబితే ఆ పనినే చిన్న ముక్కలు చేసి నేర్పాలి. ఒంటికాలి మీద నిలబడటం వచ్చినంత మాత్రాన గుండీలు పెట్టుకోవడం దానంతట అదే రాదు.

మీ తమ్ముడు నా భుజం మీంచి ఇది చదువుతూ చేతిలో గ్లాసు పడేశారు. ఈ నెలలో ఇది ఎన్నోదో లెక్కపెట్టడం నేను మానేశాను. లెక్కల లెక్చరరు ఆయనే కాబట్టి ఆయన్నే పెట్టుకోమన్నాను.

మీ మరదలు

* * *

బడి, ఆటవస్తువుల గది

మరదలా,

నువ్వు చెప్పినట్టే అడిగాను. ఒక్కరంటే ఒక్కరు తాడాట పేరెత్తలేదు. ఒకడికి చొక్కా గుండీలు అమ్మ సాయం లేకుండా పెట్టుకోవాలని ఉంది. ఒక పిల్లకి బస్సు మెట్టు మీంచి కండక్టరు ఎత్తి దింపకుండా తనే దిగాలని ఉంది. నిజం చెప్పొద్దూ, నాకు కొంచెం నిరుత్సాహంగా అనిపించింది. ఎవరో ఒకరు పరుగు పందెం గెలవాలని అంటారనుకున్నాను.

పిడుగు చెప్పింది విను. మా భోజనాల హాలు పొడుగ్గా ఉంటుంది. గుమ్మం పక్కన వడ్డించే బల్ల. పిల్లలు వరసలో వచ్చి పళ్ళెం, నీళ్ళ గ్లాసు తీసుకుని ఎవరికి నచ్చిన చోటికి వాళ్ళు వెళ్ళి కూర్చుంటారు. ఒలకబోసేవాళ్ళకి మాత్రం గుమ్మం పక్కనే ఒక బల్ల వేసి, ఆయమ్మే పళ్ళెం తెచ్చి ముందు పెడుతుంది. పాపం, ఆవిడ ఆ పని ఎంతో ప్రేమగా చేస్తుంది. పిడుగు వచ్చిన వారంలోనే ఆ బల్లకి చేరింది. క్లాసులో పక్కన కూర్చునే స్నేహితురాలేమో చిట్టచివర కిటికీ బల్ల దగ్గర తింటుంది.

“నా పళ్ళెం నేనే పట్టుకెళ్ళి కిటికీ బల్ల దగ్గర కూర్చోవాలి టీచర్,” అంది.

“ఆయమ్మని అక్కడికి తెచ్చి పెట్టమంటే సరిపోతుంది కదే,” అన్నాను.

“అప్పుడు కిటికీ దగ్గర కూడా గుమ్మం బల్లే అవుతుంది,” అంది.

సరే, నేర్పుతానని మాటిచ్చాను. ఎలా నేర్పాలో నువ్వే చెప్పాలి. ఇక్కడ మిగతాదంతా బ్రహ్మాండంగా ఉంది, దిగులు పడకు.

నీ వదిన

* * *

ఇల్లు, వంటగది బల్ల

వదినా,

పిడుగు నాకు తెగ నచ్చింది. మా క్లినిక్‌లో పెద్దవాళ్ళకి కూడా ఆ మాట తట్టదు.

ముందు ఖాళీ పళ్ళెంతో నడిపించండి. తర్వాత దానిమీద ఒక ఇసుక సంచి పెట్టండి. అది కుదిరాక బంతి, అన్నిటికన్నా చివర నీళ్ళ గ్లాసు. మొదట ఖాళీ హాల్లో, ఆ తర్వాత కుర్చీల మధ్య, ఆ తర్వాత మనుషుల మధ్య. తడబడితే ఏం చేయాలో కూడా నేర్పాలి. ఆగాలి, రెండు పాదాలూ నేలకి ఆనించుకోవాలి, ఊపిరి తీసుకోవాలి, అప్పుడు కదలాలి. ఒలకడం తప్పు కాదని ముందే చెప్పండి. తుడుచుకునే గుడ్డ ఒకటి తన నడుముకే వేలాడుతూ ఉండాలి, ఇంకొకరు పరిగెత్తుకు రాకూడదు.

మీ తమ్ముడు ఒక మాట రాయమన్నారు. పళ్ళెం కేసి చూడొద్దని చెప్పాలట. పళ్ళెం కేసి చూస్తే భయం తప్ప ఇంకేం కనపడదట. వెళ్ళాల్సిన చోట కూర్చున్న మనిషి మొహం చూస్తూ నడవాలట. ఇది మీకెలా తెలుసండీ అంటే, “నాకు తెలియకపోతే నీకు తెలుస్తుందా?” అన్నారు. నవ్వుతూనే అన్నారు గానీ, నా చేతిలో పని కాసేపు ఆగిపోయింది. క్లినిక్‌లో ఎందరో పిల్లల్ని చూస్తాను, ఇంట్లో మనిషిని గ్లాసుల లెక్కతో సరిపెట్టుకున్నాను.

ఇంకో మాట. మీ ఉత్తరాల్లో ఆయమ్మ ఉంది, కండక్టరు ఉన్నాడు, మీ హెడ్మాస్టరుగారి గురించి మాత్రం మొదటి ఉత్తరం తర్వాత ఒక్క ముక్క లేదు. ఇక్కడ మిగతాదంతా బ్రహ్మాండం అని మీరు రాశారంటే ఎక్కడో ఏదో కాలుతోందని నాకు తెలుసు. ఆ హాలు ఏం చెప్పి ఇప్పించుకున్నారు?

మీ మరదలు

* * *

బడి, ఆటవస్తువుల గది

మరదలా,

నీ ప్రశ్నకి జవాబు చివర్లో రాస్తాను. ముందు నవ్వుకో.

మా బడిలో పిల్లలు పడిపోతున్నారు. వరండాలో పడుతున్నారు, మెట్ల మీద పడుతున్నారు, బల్లల మధ్య పడుతున్నారు. నిన్నటిదాకా గోడలెక్కి దూకినవాళ్ళు ఇవాళ చదునైన నేల మీద నడుస్తూ దభీమని కూలుతున్నారు. లేచి దుమ్ము దులుపుకుని నేరుగా నా దగ్గరికి వచ్చి, “టీచర్, నాకు కూడా కాళ్ళు కుదరట్లేదు, జట్టులో చేర్చుకోండి,” అంటున్నారు. మొదట్లో నేను నమ్మాను కూడా. అయ్యో, ఇంతమంది ఉన్నారే అని గుండె తరుక్కుపోయింది. తీరా చూస్తే సంగతి ఏమిటంటే, నా జట్టులో చేరితే పొద్దున్న ఎండలో నిలబడి హెడ్మాస్టరుగారి ప్రసంగం వినక్కర్లేదు. ఆ వేళ ఎంచుకున్నది నేనే, ఎవర్ని అంటాను?

దొంగల్ని ఎలా ఏరాలా అని బుర్ర గోక్కుంటూ ఉంటే పిడుగు వచ్చి నా పక్కన నిలబడింది. వాళ్ళు పడటం కాసేపు చూసి, “వీళ్ళు ఉత్తినే టీచర్,” అంది.

“నీకెలా తెలుసే?”

“పడేముందు కింద చూసుకుంటున్నారు. మేం పడ్డాక చూసుకుంటాం.”

ఆ తర్వాత ఎవరు పడినా నేను కళ్ళనే చూశాను. ఒక్కటీ తప్పు పోలేదు. కానీ ఐదో తరగతి పొడుగుపిల్ల వంతు వచ్చేసరికి పిడుగు తల అడ్డంగా ఊపింది. “ఈ అక్కది నిజం,” అంది. ఆ పొడుగుపిల్ల బడికంతటికీ పెద్ద కోణంగి. పడ్డ ప్రతిసారీ ఏదో ఒక వేషం వేసి నవ్విస్తుంది. ఇన్నాళ్ళూ ఆ పిల్ల కావాలనే పడుతోందని మేమంతా అనుకున్నాం. జట్టులోకి రమ్మంటే మొదటిసారి నవ్వకుండా తలూపింది.

ఈ పడటాల కథ హెడ్మాస్టరుగారి చెవిన పడింది. ప్రసంగం తప్పించుకోవడానికి అని ఎవరో పూర్తిగా విప్పి చెప్పారు. ఆయన మొహం చూడలేకపోయాను. నన్ను పిలిచి, “మీ జట్టు ఒక నాటకమని నాకు అనుమానంగా ఉంది. సరేలెండి, ఏడాది చివర మీరు చూపిస్తానన్నది చూపిస్తారుగా, అప్పుడు తేల్చుకుందాం,” అన్నారు.

ఇదిగో, ఇదే నీ ప్రశ్నకి జవాబు. హాలు కోసం వెళ్ళినప్పుడు ఆయన దాన్ని ఆ వేళకి రిలే పరుగు జట్టుకి ఇవ్వాలనుకుంటూ ఉన్నారు. నేను ఊరుకోలేక, ఈ పిల్లలచేత ఏడాది చివర వేదిక మీద తాడాట ఆడించి చూపిస్తానని నోరు జారాను. అందరూ కలిసి, పాటకి తగ్గట్టుగా అని కూడా అన్నాను.

నీ వదిన

* * *

క్లినిక్, వెనక గది

వదినా,

కోపంగా రాస్తున్నాను, కోపంగానే చదవండి.

ఎవరి ఒంటితో ఎవరు పందెం కాశారు? ఆ పిల్లలు వేదిక మీద, వాళ్ళ అమ్మానాన్నల ముందు, తాడు కాళ్ళకి చుట్టుకుని నిలబడితే హాల్లో ఎవరో ఒకరు నవ్వుతారు. ఆ తర్వాత వాళ్ళు ఏ గదిలోకీ కొత్తగా అడుగు పెట్టరు. అలా ఆగిపోయినవాళ్ళు నా దగ్గరికి వస్తారు. వాళ్ళని మళ్ళీ మొదలుపెట్టించడానికి నేను పడే పాట్లు మీకు తెలియవు.

రేపే వెళ్ళి హెడ్మాస్టరుగారికి తాడాట లేదని చెప్పండి. తర్వాత పిల్లలకి కూడా చెప్పండి, వాళ్ళ పేరు మీద ఏం ఒప్పుకున్నారో. జట్టు పోతే పోనీ అని నేను అనడం లేదు. జట్టు ఉండాలి. కానీ ఇలా కాదు.

మీ మీద గౌరవం ఉంది కాబట్టి ఇంత రాశాను. లేకపోతే ఫోను చేసేదాన్ని.

మీ మరదలు

* * *

బడి, ఆటవస్తువుల గది

మరదలా,

నీ ఉత్తరం చదివి నాకూ కోపం వచ్చింది. రెండోసారి చదివాక తగ్గింది. హెడ్మాస్టరుగారి గదికి వెళ్ళాను.

తాడాట లేదన్నాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. “మరి నన్నేం చూడమంటారు?” అన్నారు.

“ఏడాది చివర భోజనాల హాలుకి రండి. ఒక పిల్ల తన పళ్ళెం తనే పట్టుకుని ఈ చివర నుంచి ఆ చివరికి వెళ్తుంది.”

“పళ్ళెం మోయడం కూడా ఒక విద్యా అమ్మా?”

“చూశాక చెప్పండి సార్.”

చూస్తానన్నారు. నచ్చకపోతే హాలు రిలే జట్టుకే అని ఖాయంగా చెప్పారు. ఇంకో షరతు, మా జట్టు సాధన ఇకనుంచి ఆయన ప్రసంగం అయ్యాకే. ఒప్పుకున్నాను. మర్నాటి నుంచి బడిలో పడటాలు ఆగిపోయాయి.

పిల్లలకి చెప్పడమే కష్టమైంది. పొడుగుపిల్ల, “మమ్మల్ని అడక్కుండా మా పేరు చెప్పేశారా?” అంది. చెప్పేశానన్నాను. పిడుగు మాత్రం, “అయితే నేను సరిగ్గా చేయకపోతే అందరికీ పోతుందా?” అని అడిగింది. హాలు పోతే చెట్టుకింద చేస్తాం, ఎక్కడో ఒకచోట చేస్తాం, జట్టు పోదు అని చెప్పాను. చెప్పాక అది నిజమేనని నాకే అనిపించింది.

పళ్ళెం సంగతి. ఇసుక సంచి దాటాం, బంతి దాటాం. కుర్చీల మధ్య నీళ్ళ గ్లాసు పెట్టిన రోజు అంతా కిందపడింది. పళ్ళెం దొర్లుకుంటూ హాలంతా తిరిగి వచ్చింది. పిడుగు వెళ్ళి గోడవైపు తిరిగి కూర్చుంది. నేను ఓదార్చడానికి లేవబోతుంటే పొడుగుపిల్ల వెళ్ళి పక్కన చతికిలబడి, “నేను ఇంట్లో రోజూ పడేస్తాను, మా అమ్మ ఇప్పుడు స్టీలువే కొంటోంది. నువ్వొక్కసారికే గోడకేసి తిరిగితే నేనెక్కడికి తిరగాలి?” అంది. కాసేపటికి పిడుగు లేచి, నడుముకున్న గుడ్డతో తనే నేల తుడిచింది. నేను కుర్చీలోంచి కదల్లేదు. కదలకుండా కూర్చోవడం ఇంత కష్టమైన వ్యాయామమని ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఎవరూ చెప్పలేదు.

మా తమ్ముడి మాట బాగా పనికొచ్చింది. స్నేహితురాలిని ఎదురుగా కుర్చీలో కూర్చోబెట్టాం. ఆ పిల్ల మొహం చూస్తూ నడుస్తోంది.

నీ వదిన

* * *

ఇల్లు, వంటగది బల్ల

వదినా,

కోపం పోయింది. మీరు కుర్చీలోంచి కదల్లేదన్న మాట మా క్లినిక్‌లో అందరికీ చదివి వినిపించాను.

మీ తమ్ముడు రోజూ సాయంత్రం రాగానే చెప్పులు విప్పకుండానే, పిడుగు ఎంతవరకు వచ్చింది అని అడుగుతున్నారు. నాకు జ్వరమొచ్చినప్పుడు కూడా ఇంతలా అడగలేదు. నేను కూడా కంగారుగానే ఉన్నాను. క్లినిక్‌లో కంగారు పడొద్దని రోజంతా ఊళ్ళోవాళ్ళకి చెబుతాను.

ఆ రోజు ఒలికినా పరవాలేదు. అది ఆ పిల్లకి తెలుసు, మీకు తెలుసా అన్నదే నా అనుమానం. అయిన వెంటనే రాయండి.

మీ మరదలు

* * *

బడి, భోజనాల హాలు

మరదలా, తమ్ముడూ,

ఇద్దరూ కలిసి చదువుకోండి. తమ్ముడూ, గ్లాసు కింద పెట్టి చదువు.

హెడ్మాస్టరుగారు అన్నట్టే వచ్చారు. పిడుగు వరసలో నిలబడింది, నడుముకి గుడ్డ, మొహంలో నెత్తుటి చుక్క లేదు. పళ్ళెంలో భోజనం, పక్కన నిండా నీళ్ళ గ్లాసు. సగం నింపమని ఆయమ్మకి సైగ చేశాను గానీ, ఆవిడకీ కంగారే, చూసుకోలేదు. పిల్ల నడవడం మొదలుపెట్టింది. స్నేహితురాలు కిటికీ బల్ల దగ్గర నిటారుగా కూర్చుని ఒకటే చూపు. రెండు బల్లలు దాటింది, మూడు దాటింది. నా కాళ్ళు నాకు తెలియకుండానే తనతో పాటు అడుగులు వేస్తున్నాయి.

అప్పుడు హెడ్మాస్టరుగారు, బాగా కనపడాలని కాబోలు, ముందుకొచ్చి సరిగ్గా దారిలో నిలబడ్డారు. స్నేహితురాలి మొహం ఆయన పొట్ట వెనక మాయమైంది.

పిడుగు ఆగింది. రెండు పాదాలూ నేలకి ఆనించింది. గ్లాసు అంచుదాకా ఊగి కొన్ని నీళ్ళు పళ్ళెంలో పడ్డాయి. ఊపిరి తీసుకుంది. తలెత్తి, “సార్, కొంచెం జరగండి, నాకు దారి కనపడట్లేదు,” అంది.

ఈ బడిలో ఆయన్ని జరగమన్నవాళ్ళు ఇంతవరకు లేరు. ఆయన గబుక్కున పక్కకి తప్పుకుని గోడకి అతుక్కుపోయారు. పిడుగు వెళ్ళి కిటికీ బల్ల మీద పళ్ళెం పెట్టి, ఒలికిన నీళ్ళు గుడ్డతో తుడుచుకుని, కూర్చుని, తినడం మొదలుపెట్టింది. చప్పట్లు ఏమీ లేవు. చుట్టూ ఎవరి భోజనం వాళ్ళు చేశారు. నేను ఆటవస్తువుల గదికి వెళ్ళి, ఆ బంతుల మధ్య కూర్చుని తనివితీరా ఏడ్చాను. సంతోషంతోనే, కంగారు పడకండి.

మర్నాడు భోజనాల వేళకి నేను ఎంత సంబరంగా వెళ్ళానో చెప్పలేను. చూద్దును కదా, పిడుగు వరసలో పళ్ళెం తీసుకుని, ఆయమ్మ అలవాటుగా చేయి చాపితే, “నేనే,” అని చెప్పి, తిన్నగా గుమ్మం పక్క బల్లకి వెళ్ళి కూర్చుంది. నాకు ప్రాణం ఉసూరుమంది. హెడ్మాస్టరుగారు కూడా అక్కడే ఉన్నారు, ఆయనకీ అర్థం కాలేదు.

“ఇంత కష్టపడి మళ్ళీ ఇక్కడికేనా అమ్మా?” అని అడిగారు.

“నిన్న అక్కడ కూర్చున్నాను కదా సార్,” అంది పిడుగు. “అక్కడ మొహం మీద ఎండ పడుతోంది. ఇవాళ ఇక్కడ కూర్చోవాలనిపించింది.”

ఆయన నా పక్కకి వచ్చి, “వచ్చే ఏడాది కూడా హాలు మీదే, కానీ నా ప్రసంగం అయ్యాకే,” అన్నారు. మంచి మనిషి, ఇంతకాలం చెప్పనివ్వలేదు నా అహంకారం. ఆ మాట రాసేస్తున్నాను.

ఇంతలో కిటికీ బల్ల నుంచి ఆ స్నేహితురాలు తన పళ్ళెం పట్టుకుని గుమ్మం దగ్గరికి వచ్చేసింది. దాని వెనక పొడుగుపిల్ల వచ్చింది. గుండీల వాడు వచ్చాడు. ఎండ భరించలేనివాళ్ళు మరి కొందరు వచ్చారు. ఆయమ్మ ఏం చేయాలో తెలియక నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. నాకు కూడా వాళ్ళ మధ్య కూర్చోవాలని మనసైంది. పళ్ళెం తీసుకుని వెళ్ళి, “నాకు కాస్త చోటిస్తారా?” అన్నాను.

పిడుగు నోట్లో ముద్ద నములుతూ బల్లంతా ఒకసారి కలియజూసింది.

“ఇవాళ చోటు లేదు టీచర్,” అంది.

నా పళ్ళెం నేనే పట్టుకుని, హాలు ఈ చివర నుంచి ఆ చివరికి నడిచివెళ్ళి కిటికీ బల్ల దగ్గర కూర్చున్నాను. పిల్ల అబద్ధం చెప్పలేదు, అక్కడ నిజంగానే ఎండ ఎక్కువ. కడుపునిండా తిన్నాను.

మీ అక్క, నీ వదిన